రైఫిల్ తూటాకు క్రింపు అవసరమా? ఆధారాలు ఎంతవరకు నిలుస్తాయి

రైఫిల్ తూటాలను ఇంట్లోనే మళ్లీ నింపుకునేవాళ్ల మధ్య దశాబ్దాలుగా తెగని తగవు ఒకటుంది. బుల్లెట్ కూర్చోబెట్టాక ఇత్తడి కేసు మూతిని లోపలికి నొక్కాలా, అక్కర్లేదా? ఆ నొక్కుడునే క్రింపింగ్ అంటారు. నొక్కాల్సిందే అనేవాళ్లు రెండు కారణాలు చెబుతారు. బుల్లెట్ కదలదన్నది ఒకటి, గురి మెరుగవుతుందన్నది రెండోది. వద్దనేవాళ్లు కూడా గురి పేరే ఎత్తుతారు, కాకపోతే నొక్కితే బుల్లెట్ ఆకారం చెడి గురి పాడవుతుందంటారు. రెండు వేర్వేరు ప్రశ్నల్ని ఒకే ముద్దగా కలిపేయడం వల్లే ఈ తగవు తెగడం లేదని నా నమ్మకం. బుల్లెట్ కదలడం గురించి గట్టి ఆధారాలున్నాయి. గురి గురించి చలామణిలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం కొద్దిపాటి షాట్ల మీద కట్టుకున్న అభిప్రాయాలు.

ఇది ప్రధానంగా అమెరికా సంగతి. అక్కడ సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మకం కోసమైతే 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం మందుగుండుకు ఇచ్చిన నిర్వచనంలో దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి, కాబట్టి ఇక్కడ ఇంట్లో కూర్చుని చేసే పని కాదిది. మన షూటింగ్ క్రీడాకారుల వల్ల కూడా ఈ చర్చ ఇక్కడికి పెద్దగా రాలేదు. హైదరాబాద్ నుంచి వెళ్లి 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ పోటీ ఎయిర్ రైఫిల్‌ది. అందులో తూటా అన్నదే లేదు. అమెరికాలో స్థిరపడి రేంజికీ వేటకీ వెళ్లే తెలుగువాళ్లకు మాత్రం ఇది నేరుగా పనికొచ్చే విషయం. ముఖానికి అడుగు దూరంలో, చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల దరిదాపు పీడనం పుట్టే వస్తువును సొంత చేతులతో తయారుచేస్తున్నప్పుడు, ఫలానావాళ్లు చెప్పారు కదా అని ఏదీ చేయకూడదు.

బుల్లెట్‌ను పట్టి ఉంచేది ఏది?

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమరు, లోపల మందు, మూతిలో బుల్లెట్. కేసు ఇత్తడిలో దాదాపు 70 శాతం రాగి, 30 శాతం జింకు. సీసా ఆకారంలో ఉండే రైఫిల్ కేసులో బుల్లెట్‌ను పట్టుకునే సన్నని భాగాన్ని మెడ అంటారు. ఒకసారి కాల్చాక మెడ వ్యాకోచిస్తుంది. మళ్లీ నింపే పనిలో, అంటే రీలోడింగ్‌లో, దాన్ని డై అనే అచ్చులో పెట్టి మళ్లీ బిగించి, బుల్లెట్ వ్యాసం కంటే కొంచెం ఇరుకు చేస్తారు. మామూలుగా ఆ తేడా 0.001 నుంచి 0.003 అంగుళం దాకా ఉంటుంది. 0.002 అంగుళం అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఇరుకైన మెడలోకి బుల్లెట్‌ను నెట్టినప్పుడు ఇత్తడి సాగుతుంది, తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది. ఆ పెనుగులాటే బుల్లెట్‌ను పట్టి ఉంచుతుంది. ఈ వ్యాసంలో దాన్ని మెడ పట్టు అంటాను.

క్రింపు ఈ మెడ పట్టుకు అదనం మాత్రమే. దాని స్థానంలో రాలేదు. మెడ వదులుగా ఉన్న తూటాకు క్రింపు వేసి సరిపెట్టుకోవచ్చని అనుకునేవాళ్లున్నారు. నేను చూసినంతలో, ఈ విషయంలో అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. క్రింపు తాకేది మూతి అంచున సన్నని వలయాన్ని మాత్రమే. మెడ పొడవంతా ఉండాల్సిన పట్టు అక్కడి నుంచి రాదు.

క్రింపు మూడు రకాలుగా వేస్తారు. రోల్ క్రింపులో మూతి అంచును లోపలికి మడుస్తారు. అది దిగడానికి బుల్లెట్ చుట్టూ ముందే చెక్కిన గాడి ఉండాలి. ఆ గాడిని కెనల్యూర్ అంటారు. టేపర్ క్రింపులో మూతిని మడవకుండా కొంచెం వాలుగా నొక్కుతారు. మూడోది చీలికలున్న కాలెట్‌తో చుట్టూ నలుమూలల నుంచీ ఒకేసారి నొక్కే పద్ధతి. విస్కాన్సిన్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో ఉన్న లీ ప్రెసిషన్ కంపెనీ అమ్మే ఫ్యాక్టరీ క్రింప్ డై వల్ల ఈ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది.

గాడి లేని బుల్లెట్ మీద గట్టిగా నొక్కితే ఏమవుతుందో లోహాల గుణం తెలిస్తే ఊహించవచ్చు. ఇత్తడికి సాగి వెనక్కి వచ్చే గుణముంది. సీసానికి అది దాదాపు లేదు, నొక్కిన చోట నొక్కుకుపోయి ఉంటుంది. రాగి తొడుగు లోపల సీసమున్న బుల్లెట్‌ను ఇత్తడితో కలిపి నొక్కి వదిలితే, ఇత్తడి కొంత వెనక్కి వస్తుంది, బుల్లెట్ మాత్రం నొక్కుడు పడినట్టే ఉండిపోతుంది. అంటే బిగిద్దామనుకున్న పట్టు కొన్ని సందర్భాల్లో వదులయ్యే అవకాశముంది. పిస్టల్ తూటాల విషయంలో ఈ హెచ్చరిక రీలోడింగ్ పుస్తకాల్లో తరచుగా కనిపిస్తుంది. మందమైన తొడుగున్న రైఫిల్ బుల్లెట్‌లో ఇది ఎంత తీవ్రంగా ఉంటుందో బుల్లెట్‌ను బట్టి మారుతుంది. తెలుసుకునే దారి సులువైనదే. నొక్కినవి కొన్ని, నొక్కనివి కొన్ని తీసుకుని బుల్లెట్ ఊడబెరకడానికి ఎంత బలం పట్టిందో కొలవాలి. సైన్యాల మందుగుండు నాణ్యతా పరీక్షల్లో ఈ కొలత మామూలే. ఇళ్లలో మాత్రం కంటితో చూసి బాగా నొక్కుకుందని తృప్తి పడడమే ఎక్కువ.

ఆధారం గట్టిగా ఉన్న చోట

క్రింపు తప్పనిసరి అని తడుముకోకుండా చెప్పగలిగేది గొట్టం మ్యాగజీన్ ఉన్న లీవర్ రైఫిళ్ల విషయంలో. వించెస్టర్ 1894 మోడల్ రైఫిల్ కోసం 1895లో వచ్చిన .30-30 తూటానే తీసుకుందాం. బ్యారెల్ కింద ఉండే గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. స్ప్రింగు వాటిని ఎప్పుడూ వెనక్కి తోస్తూనే ఉంటుంది. ఒక్కొక్క షాట్‌కు రైఫిల్ వెనక్కి తన్నినప్పుడల్లా ఒక తూటా అడుగు మరో తూటా ముక్కును కొడుతుంది. ఈ దెబ్బలు ప్రతిసారీ బుల్లెట్‌ను కేసులోకి నెట్టే దిశలోనే పడతాయి. మొదట నింపి చివర కాల్చే తూటా అన్ని దెబ్బలూ తినాల్సిందే. ఇక్కడ క్రింపు లేకపోతే బుల్లెట్ లోపలికి జారిపోయే అవకాశం నిజమైనది. జారితే తూటా పొడవు తగ్గి, అది కాలే గది అయిన ఛాంబర్‌లోకి ఎక్కడంలో చిక్కులొస్తాయి. .30-30 కోసం చేసిన బుల్లెట్లు దాదాపు అన్నీ గాడితోనే వస్తున్నాయంటే కారణమిదే.

పెద్ద జంతువుల వేటకు వాడే భారీ తూటాలది కూడా ఇదే వరస. 1912 నాటి .375 హెచ్ అండ్ హెచ్, 1956 నాటి .458 వించెస్టర్ మ్యాగ్నమ్ వంటివాటిలో రైఫిల్ తన్ను చాలా ఎక్కువ. పెట్టె మ్యాగజీన్‌లో ఉన్న తూటాల ముక్కులు ప్రతి షాట్‌కూ ముందు గోడకు గుద్దుకుంటాయి. ఆఫ్రికాలో అడవిదున్న ఎదురొచ్చినప్పుడు రెండో తూటా ఎక్కకపోతే వచ్చే నష్టం గురిలో తేడాతో పోల్చదగ్గది కాదు. రివాల్వర్‌లో మాత్రం దెబ్బ దిశ తిరగబడుతుంది. కేసు వెనక్కి లాక్కుపోతుంటే బుల్లెట్ జడత్వం వల్ల ముందుకు జారుతుంది. కదిలే దిశ తుపాకిని బట్టి మారినా రెండు చోట్లా కావలసింది పట్టే.

తనంతట తాను తూటా ఎక్కించుకునే రైఫిళ్ల విషయం కొంచెం చిక్కుగా ఉంటుంది. 1936లో అమెరికా సైన్యం తీసుకున్న ఎం1 గరాండ్ కావచ్చు, నేటి ఏఆర్-15 కావచ్చు, బోల్టు తూటాను మ్యాగజీన్ నుంచి లాగి చాలా వేగంతో ఛాంబర్‌లోకి విసురుతుంది. దారిలో బుల్లెట్ ముక్కు వాలుగా ఉన్న ఇనుము మీద కొట్టుకుంటే లోపలికి నెట్టుకుపోవచ్చు. కొట్టుకోకుండా వెళ్లి, మెడ కింద వాలుగా ఉండే కేసు భుజం ఛాంబర్‌లో టక్కున ఆగితే, బుల్లెట్ జడత్వం వల్ల ముందుకు జరగవచ్చు. సైన్యాల తూటాలకు గాడీ, క్రింపూ, చాలావాటికి మూతి దగ్గర తేమ చొరకుండా పూసే తారు వంటి పూతా ఉండడం వెనక ఈ అనుభవమంతా ఉంది. మెషీన్‌గన్‌లో అయినా, ఎడారి ఎండలో అయినా, ఏళ్ల తరబడి గోదాములో మగ్గాక అయినా ఆ తూటా పనిచేయాలి.

ఈ సందర్భంలో మంచి నిదర్శనం అమెరికా ప్రత్యేక దళాల కోసం బ్లాక్ హిల్స్ కంపెనీ తయారుచేసిన ఎంకే 262 తూటా. అందులోది 77 గ్రెయిన్ల సియెరా మ్యాచ్‌కింగ్, అంటే పోటీలలో గురి కోసం రూపొందించిన బుల్లెట్. తొలి రూపంలో ఆ బుల్లెట్‌కు గాడి లేదు. తర్వాతి రూపంలో మూతి క్రింపు చేయడానికి వీలుగా సన్నని గాడి చేర్చారు. గురినే ప్రాణంగా చూసుకునే తూటాకు కూడా, స్వయంచాలక రైఫిల్‌లో నమ్మకంగా పనిచేయాల్సి వచ్చేసరికి క్రింపు తోడయిందన్నమాట. ఇది రెండు విషయాలు చెబుతుంది. పట్టు కోసం క్రింపు కావాలని రూపకర్తలు భావించారు. సన్నని గాడి, అదుపులో ఉన్న క్రింపు గురిని పనికిరాకుండా చెడగొట్టలేదు. గురి మెరుగైందని చెప్పడానికి మాత్రం దీన్ని సాక్ష్యంగా తేలేం.

అయినా ఏఆర్-15 ఉన్నవాళ్లందరూ క్రింపు వేసి తీరాలని దీన్నుంచి తేల్చడం తొందరపాటు. మెడ పట్టు సరిగా ఉంటే మామూలు వాడకంలో అది చాలని చెప్పేవాళ్ల దగ్గరా కొలతలున్నాయి. తేల్చుకోవడానికి ప్రతి ఒక్కరూ తమ రైఫిల్‌తోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ప్రైమరూ మందూ లేని డమ్మీ తూటాలో బుల్లెట్ కూర్చోబెట్టి పొడవు కాలిపర్‌తో కొలవాలి. బోల్టు పూర్తి వేగంతో దాన్ని ఛాంబర్‌లోకి ఎక్కించేలా చేసి, బయటికి తీసి మళ్లీ కొలవాలి. కొన్ని డమ్మీలతో ఇలా చేసి పొడవులు మారకపోతే ఆ రైఫిల్‌కు, ఆ బుల్లెట్‌కు, ఆ మెడ పట్టుకు క్రింపు అవసరం లేనట్టే. మారితే ఉన్నట్టే. ఎంతటివారి అభిప్రాయం కంటేనైనా ఈ కొలత మీదే నాకు నమ్మకం.

గురి మెరుగవుతుందన్న వాదన

ఇక రెండో ప్రశ్న. క్రింపు వేస్తే బుల్లెట్ కదలడానికి ముందు కొంత ఎక్కువ పీడనం కూడుకుంటుంది, మందు ప్రతిసారీ ఒకేలా అంటుకుంటుంది, వేగంలో తేడాలు తగ్గుతాయి, గురి బాగుపడుతుంది. లీ ప్రెసిషన్ తన డై గురించి చెప్పే వాదన సారాంశమిదే. వినడానికి సబబుగానే ఉంది. లెక్క వేసి చూద్దాం.

.308 వ్యాసమున్న బుల్లెట్ అడుగు వైశాల్యం సుమారు 0.0745 చదరపు అంగుళాలు. దాన్ని మెడలోంచి లాగడానికి 60 పౌండ్ల బలం కావాలనుకుందాం. అంతే బలం లోపలి వాయువు వల్ల రావాలంటే చదరపు అంగుళానికి సుమారు 800 పౌండ్ల పీడనం చాలు. .308 వించెస్టర్‌కు, 1926లో ఏర్పడిన అమెరికా తూటాల ప్రమాణాల సంస్థ సామీ నిర్ణయించిన గరిష్ఠ పీడనం 62,000. అంటే మొత్తంలో 1.3 శాతం. క్రింపుతో పట్టు రెట్టింపయినా 2.6 శాతం. పైగా మెడ వదిలించుకున్న బుల్లెట్ వెంటనే రైఫ్లింగ్‌లోకి, అంటే బ్యారెల్ లోపలి మెలి గాట్లలోకి దూరాలి. ఆ గాట్లు తొడుగులోకి దిగడానికి కావలసిన పీడనం వేలల్లో ఉంటుంది. మెడ దగ్గరి అడ్డంకి దానిముందు చిన్నదే.

అయితే ఇక్కడితో వాదన తప్పని కొట్టిపారేయలేం. మందు మండే వేగం పీడనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి తొలి క్షణంలోని చిన్న తేడా తర్వాత పెద్దది కావచ్చు. నెమ్మదిగా మండే మందు ఎక్కువ మోతాదులో ఉన్న తూటాల్లో, అంటుకోవడం కష్టమైన మందుల్లో, క్రింపు ఉపయోగపడే అవకాశం ఎక్కువ. హాడ్గ్‌డన్ కంపెనీ తన హెచ్110 మందు వాడేటప్పుడు గట్టి క్రింపు వేయమని చెబుతుంది. అది ఎక్కువగా మ్యాగ్నమ్ రివాల్వర్ తూటాల్లో వాడే మందు. దాన్నుంచి సీసా ఆకారపు రైఫిల్ తూటా గురించి తీర్పు చెప్పడం కుదరదు.

ఎదుటి పక్షం చూపే గట్టి సాక్ష్యం రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీలు. 1970ల మధ్యలో లూ పాల్మిసానో, ఫెర్రిస్ పిండెల్ రూపొందించిన 6 ఎంఎం పీపీసీ వంటి తూటాలతో ప్రపంచంలోకెల్లా చిన్న గ్రూపులు, అంటే లక్ష్యం మీద ఒకచోట పడే రంధ్రాల గుంపులు, కాల్చేది ఈ క్రీడాకారులే. వాళ్లు క్రింపు వేయరు. మెడ మందాన్ని చుట్టూ ఒకేలా చెక్కుకుంటారు, పట్టును స్వల్పంగా ఉంచుకుంటారు, ఇత్తడిని జాగ్రత్తగా ఎంచుకుంటారు. క్రింపు లేకుండా అత్యున్నతమైన గురి సాధ్యమేనని ఇది నిస్సందేహంగా రుజువు చేస్తుంది. క్రింపు వేస్తే గురి చెడుతుందని మాత్రం రుజువు చేయదు. వాళ్ల కేసులు, ఛాంబర్లు, ఒక్కొక్క తూటానే చేత్తో పెట్టే పద్ధతి, ఏదీ మామూలు వేటగాడి రైఫిల్‌లా ఉండదు. గుట్టగా కొన్న ఇత్తడితో, మెడలు రకరకాల గట్టిదనంలో ఉన్న కేసులతో, ఒకేలా వేసిన తేలికపాటి క్రింపు పట్టులోని తేడాలను కొంత సర్దవచ్చన్నది పరీక్షించదగ్గ ఊహే. పరీక్షించినవాళ్లు తగినన్ని షాట్లు కాల్చారా అన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ ఓపిగ్గా ఆగాలి, ఎందుకంటే ఈ చర్చలో నూటికి తొంభై పాళ్ల గందరగోళం ఇక్కడే పుడుతోంది. ఐదు షాట్ల గ్రూపు పరిమాణం అంటే అన్నిటికంటే ఎడంగా పడిన రెండు రంధ్రాల మధ్య దూరం. షాట్లు యాదృచ్ఛికంగా చెదురుతాయని అనుకుని లెక్క కడితే, ఏ మార్పూ లేకుండా ఒకే రైఫిల్ ఒకే రకం తూటాలతో కాల్చే ఐదు షాట్ల గ్రూపుల్లో ప్రామాణిక విచలనం సగటులో దాదాపు 27 శాతం ఉంటుంది. సగటు అంగుళం కాల్చే రైఫిల్‌కు మూడింట రెండొంతుల గ్రూపులు సుమారు ముప్పావు నుంచి అంగుళంపావు మధ్య పడతాయి. అప్పుడప్పుడు అర అంగుళం గ్రూపు వస్తుంది, అప్పుడప్పుడు ఒకటిన్నర వస్తుంది. మూడు షాట్ల గ్రూపులకు ఆ 27 శాతం 37కు పెరుగుతుంది.

దీని పర్యవసానం చాలామంది ఊహించనిది. అచ్చం ఒకేలాంటి తూటాలతో రెండు ఐదు షాట్ల గ్రూపులు కాల్చితే, వాటి మధ్య తేడా సగటులో 20 శాతం దాటే అవకాశం సుమారు 60 శాతం. అంటే ఒక గ్రూపు క్రింపుతో, ఒకటి క్రింపు లేకుండా కాల్చి ఇదిగో తేడా అని చూపించే ఫొటోలలో ఎక్కువ భాగం, క్రింపుకు ఏ ప్రభావమూ లేకపోయినా వచ్చి ఉండేవే. ఆ ఫొటో పెట్టినవాళ్లు అబద్ధమాడడం లేదు. లక్ష్యం కాగితం మీద చూసింది చూసినట్టే చెబుతున్నారు. వాళ్లు చూసినదానికి చెప్పినంత తీర్పు మోసే శక్తి లేదు, అంతే.

గ్రూపు పరిమాణంలో నిజంగా 20 శాతం తేడా ఉంటే దాన్ని నమ్మకంగా పట్టుకోవడానికి ఎన్ని షాట్లు కావాలి? 5 శాతం ప్రాముఖ్యతా స్థాయి, ఉన్న తేడాను పట్టుకునే అవకాశం 80 శాతం అన్న మామూలు ప్రమాణాలతో లెక్క వేస్తే, ఒక్కోవైపు ఐదు షాట్ల గ్రూపులు దాదాపు 29, అంటే మొత్తం 290 తూటాలు. తేడా 10 శాతమే అయితే ఒక్కోవైపు దాదాపు 115 గ్రూపులు, మొత్తం 1,150 తూటాలు. దూరంగా పడిన రెండు రంధ్రాలనే కాక ప్రతి రంధ్రం స్థానాన్నీ కొలిచి వాడుకుంటే 10 శాతం తేడాకు ఒక్కోవైపు 400 తూటాల దాకా సరిపోవచ్చు. వారాంతంలో ఒక డబ్బా తూటాలతో తేలే వ్యవహారం కాదిది.

వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ అంకెలదీ ఇదే కథ. ఐదు షాట్ల నుంచి వేగంలో ప్రామాణిక విచలనం సెకనుకు 10 అడుగులని వస్తే, అసలు విలువ 95 శాతం నమ్మకంతో 6కూ 29కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. పది షాట్లకు ఆ పరిధి సుమారు 7 నుంచి 18. ముప్పై షాట్లకు 8 నుంచి 13. క్రింపు వేశాక ఐదు షాట్లలో విచలనం 14 నుంచి 9కి దిగిందంటే, ఆ రెండు అంకెలూ ఒకే విలువకు రెండు నీడలు కావచ్చు.

వేగంలో తేడా తగ్గిందనే అనుకుందాం. 100 గజాల దగ్గర అది కనిపిస్తుందా? సెకనుకు 2,700 అడుగుల వేగంతో బయల్దేరిన .308 బుల్లెట్ 100 గజాలకు చేరేలోగా భూమ్యాకర్షణ వల్ల రెండున్నర అంగుళాల దాకా దిగుతుంది. వేగం 20 అడుగులు మారితే ఆ దిగుడులో వచ్చే మార్పు అంగుళంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. 1,000 గజాల దగ్గర అదే 20 అడుగులు దాదాపు అరడుగు తేడా తెస్తాయి. కాబట్టి వేగం సమానం కావడం వల్ల గురి బాగుపడిందని 100 గజాల గ్రూపులు చూపించి చెప్పడం పొసగదు. అక్కడ నిజంగా తేడా వచ్చి ఉంటే దానికి కారణం వేరే ఏదో ఉండాలి.

నొక్కడం వల్ల వచ్చే కీడు

క్రింపు వల్ల కలిగే నష్టాల్లో కొన్నిటికి ఆధారం స్పష్టంగా ఉంది. కేసులు ఒకే పొడవులో లేకపోతే రోల్ క్రింపు ఒక్కొక్కదానికి ఒక్కోలా పడుతుంది. పొడవైన కేసుకు ఎక్కువ, పొట్టిదానికి తక్కువ. ఒకేలా ఉండాలని చేసిన పనే తేడాలు తెస్తుంది. .308 వించెస్టర్ కేసు గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు. రీలోడర్లు సాధారణంగా 2.005కు కత్తిరిస్తారు. క్రింపు వేయదలచుకున్నవాళ్లు ముందు ఈ కత్తిరింపు మీద శ్రద్ధ పెట్టాలి. డైని మరీ కిందికి దించితే మూతి మీద పడాల్సిన బలం కేసు భుజం మీదికి దిగి అది కొంచెం ఉబ్బుతుంది. కంటికి కనపడనంత ఉబ్బుకే తూటా ఛాంబర్‌లో ఇరుక్కుంటుంది.

పొడవైన కేసులో ఇంకా పెద్ద ప్రమాదముంది. కాల్చినప్పుడు మెడ వ్యాకోచించి బుల్లెట్‌ను వదలాలి. మూతి ఛాంబర్ చివరి అంచుకు తగులుకుని ఉంటే వ్యాకోచించడానికి చోటుండదు, పీడనం పెరుగుతుంది. మూతిని లోపలికి నొక్కేశాం కదా, సరిపోతుందిలే అనుకోవడం ఇక్కడ పనికిరాదు.

మెడకు వదలడానికి చోటు లేకపోతే ఏమవుతుందో 1921లో ఒహాయోలోని క్యాంప్ పెర్రీ జాతీయ పోటీలలో చూశారు. బ్యారెల్‌లో లోహం అంటుకోకుండా ఉండేందుకు అమెరికా సైన్యపు తూటాల కర్మాగారం ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్ ఆ ఏడాది .30-06 బుల్లెట్లకు తగరపు పూత వేసింది. నిలవున్న తూటాల్లో ఆ తగరం ఇత్తడి మెడకు టంకం పెట్టినట్టు అతుక్కుపోయింది. బుల్లెట్‌ను లాగడానికి వందల పౌండ్ల బలం కావలసి వచ్చింది. అలవాటు ప్రకారం కొందరు బుల్లెట్లను గ్రీజులో ముంచి కాల్చారు. రైఫిళ్లు పగిలాయి. ఈ ఉదంతాన్ని అమెరికా సైన్యపు ఆయుధ నిపుణుడు జూలియన్ హ్యాచర్ తన పుస్తకం ‘హ్యాచర్స్ నోట్‌బుక్’లో వివరంగా పరిశీలించాడు. మెడ చుట్టూ ఉన్న ఖాళీని గ్రీజు నింపేయడంతో మెడ వ్యాకోచించలేకపోయిందన్నది అందులో ముఖ్యాంశం. క్రింపుకూ తగరపు అతుకుకూ సంబంధం లేదు, దీన్ని చూపించి క్రింపు వేస్తే తుపాకి పగులుతుందనడం అన్యాయం. మెడ ఎంత గట్టిగా పట్టుకుంది అన్నదాంతోపాటు ఎంత సులువుగా వదులుతుంది అన్నదీ చూడాలని మాత్రం ఇది గట్టిగా చెబుతుంది. క్రింపు మొదలుపెడుతున్నవాళ్లు, అప్పటిదాకా గరిష్ఠ మోతాదులో మందు పోస్తున్నట్టయితే, తగ్గించి మళ్లీ మొదటి నుంచి పైకి రావాలని మాన్యువళ్లు చెప్పే మాట ఇందుకే పాటించదగ్గది.

నా అంచనాలో ఇళ్లలో జరిగే పరీక్షల్లో చిన్న నమూనా ఒక్కటే లోపం కాదు. గాడి ఉన్న బుల్లెట్‌ను క్రింపుతోనూ, గాడి లేని వేరే బుల్లెట్‌ను క్రింపు లేకుండానూ పోల్చేవాళ్లున్నారు. తేడా వస్తే అది క్రింపుదో బుల్లెట్‌దో ఎవరూ చెప్పలేరు. ముందు ఒక రకం 25, తర్వాత రెండో రకం 25 కాలిస్తే బ్యారెల్ వేడి, మసి, గాలి, కాల్చేవాడి అలసట అన్నీ రెండో రకం మీద పడతాయి. క్రింపు లేకుండా చక్కగా కాల్చేలా సరిచూసుకున్న మందు మోతాదు మీదే క్రింపు వేసి, గురి చెడిందని తేల్చడం కూడా సరి కాదు. క్రింపుకు దానికి తగిన మోతాదు వేరే ఉండవచ్చు.

నమ్మదగిన పరీక్ష చేయాలనుకునేవాళ్లు ఒకే పెట్టెలోని బుల్లెట్లు, ఒకే తయారీ సంఖ్య ఉన్న మందు, ఒకే పొడవుకు కత్తిరించిన, ఒకే సంఖ్యలో కాల్పులు చూసిన కేసులు తీసుకోవాలి. తూటాలను సంచుల్లో పెట్టి, ఏ సంచిలో ఏ రకముందో కాల్చేవాడికి తెలియకుండా మరొకరు గుర్తులు పెట్టాలి. రెండు రకాలనూ ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి కాల్చాలి. ప్రతి రంధ్రం స్థానాన్నీ నమోదు చేయాలి, తప్పు షాట్ అని ఏదీ పక్కన పెట్టకూడదు. ఎన్ని తూటాలకు ఆపాలో ముందే నిర్ణయించుకోవాలి, అనుకూలమైన ఫలితం రాగానే ఆపేయకూడదు. అంతా చేశాక కూడా వచ్చే జవాబు ఆ ఒక్క రైఫిల్‌కూ ఆ ఒక్క తూటాకే చెందుతుంది. వేర్వేరు బ్యారెళ్లతో, వేర్వేరు చేతుల్లో ఇదే పద్ధతి మళ్లీ జరిగి అదే వైపు మొగ్గు కనిపించేదాకా, గాడి లేని బుల్లెట్లతో బోల్ట్ రైఫిల్ కాల్చేవాళ్లు గురి కోసమని క్రింపు డై కొనడానికి పెట్టే డబ్బును మంచి ఇత్తడి కేసుల మీద, మెడలను వేడిచేసి మెత్తబరిచి ఒకేలా ఉంచే అనీలింగ్ మీద పెట్టడం మేలని నేననుకుంటాను. గొట్టం మ్యాగజీన్ లీవర్ రైఫిల్ ఉన్నవాళ్లు మాత్రం ఈ పరీక్షలేవీ తేలేదాకా ఎదురుచూడనక్కర్లేదు. గాడి ఉన్న బుల్లెట్ తీసుకుని, కేసులు సమంగా కత్తిరించి, ఈ రోజు నుంచే క్రింపు వేసుకోవాలి.